గురువు పేరు, శిష్యుల చేతులు: శాంతినికేతన్ కళాభవన్ విద్యాక్రమంలో కర్తృత్వ సమస్య

ఉపోద్ఘాతం

భారత రాజ్యాంగం మూలప్రతిని చిత్రాలతో అలంకరించినది ఎవరు అన్న ప్రశ్నకు సామాన్య విజ్ఞాన గ్రంథాలు ఒకే సమాధానం ఇస్తాయి: నందలాల్ బోస్. ఆ సమాధానం తప్పు కాదు. అయితే ఆ ప్రతిలోని పీఠిక పుటను శ్రద్ధగా చూస్తే, అంచు అలంకరణ కింది మూలలో దేవనాగరి లిపిలో 'రామ్' అన్న చిన్న సంతకం కనిపిస్తుంది. అది ఆ పుటను అలంకరించిన బ్యోహార్ రామ్‌మనోహర్ సిన్హా సంతకం. ఆయన శాంతినికేతన్ కళాభవన్‌లో నందలాల్ శిష్యుడు. ఒక జాతి తన మౌలిక గ్రంథంగా భావించే ప్రతిలో గురువు పేరు చరిత్రకు ఎక్కింది. శిష్యుని పేరు అంచుపట్టీలో రెండక్షరాలుగా ఒదిగింది.

ఈ రెండక్షరాలను ఎలా చదవాలి అన్నది చిత్రకళా చరిత్రకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు, విమర్శకు చెందిన ప్రశ్న కూడా. కళాశాలలో విద్యార్థి చేసే పని ఎవరిది? అభ్యాసం ఎక్కడ ముగుస్తుంది, రచన ఎక్కడ మొదలవుతుంది? గురువు ఊహించి, శిష్యులు గీసి, పేరులేని చేతులు రంగు నూరిన కృతికి కర్త ఎవరు? కళాభవన్ విద్యార్థి జీవితాన్ని, అక్కడి విద్యాక్రమాన్ని ఈ ప్రశ్నల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కళాభవన్ గురించిన ప్రశంసాత్మక రచనలు దానిని 'పాఠ్యప్రణాళిక లేని స్వేచ్ఛాలయం'గా వర్ణిస్తాయి. ఈ వర్ణన ఆకర్షణీయమైనదే కాని అసమగ్రం. అక్కడ కఠినమైన విద్యాక్రమమే ఉండేది. అది కాగితం మీద కాక గోడల మీద, పండుగలలో, ప్రయాణాలలో, నివాసంలో రాయబడి ఉండేది. ఆ క్రమం ఏకకర్తృత్వ భావనను సడలించింది. దానిని అర్థం చేసుకోవడానికి కావలసిన పరిభాష తెలుగు కావ్య సంప్రదాయంలో ఇదివరకే సిద్ధంగా ఉందని ఈ వ్యాసం ప్రతిపాదన.

వలసకాలపు చిత్రకళా పాఠశాల: విద్యార్థి పని ఒక జవాబుపత్రం

కళాభవన్ ప్రత్యేకత దానికి ముందున్న పాఠశాలలతో పోల్చినప్పుడే స్పష్టమవుతుంది. 1850లో మద్రాసులోను, 1854లో కలకత్తాలోను, 1857లో బొంబాయిలోను చిత్రకళా పాఠశాలలు ఆరంభమయ్యాయి. వీటి బోధన మీద లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ పద్ధతి ప్రభావం బలంగా ఉండేది. ఆ పద్ధతి ఒక నిచ్చెన వంటిది. విద్యార్థి మొదట సరళరేఖలను, జ్యామితీయ ఆకృతులను అభ్యసిస్తాడు. తరువాత అచ్చుపటాలను చూసి నకలు దించుతాడు. ఆపైన గ్రీకు, రోమన్ శిల్పాల ప్లాస్టర్ అచ్చులను ఎదురుగా పెట్టుకొని వెలుగునీడలను గీస్తాడు. సజీవ రూపం చివరి మెట్లలో వస్తుంది. ఒక మెట్టు దాటినట్టు పరీక్షకుడు అంగీకరిస్తేనే తరువాతి మెట్టు.

ఈ పద్ధతికి తనదైన హేతుబద్ధత ఉంది. కంటికి, చేతికి కచ్చితత్వాన్ని నేర్పడంలో, నిర్మాణ పనులకు, పరిశ్రమలకు నకలుచిత్రకారులను తయారుచేయడంలో అది సమర్థంగా పనిచేసింది. కాని అందులో విద్యార్థి గీసిన బొమ్మకు పరీక్షకుడు తప్ప వేరే చూపరి లేడు. బొమ్మ ఒక జవాబుపత్రం. దిద్దడం పూర్తయ్యాక దాని ప్రయోజనం ముగుస్తుంది. కర్తృత్వ సమస్య అక్కడ తలెత్తే అవకాశమే లేదు. ఎందుకంటే అక్కడ కృతి లేదు, అభ్యాసం మాత్రమే ఉంది.

1896లో కలకత్తా పాఠశాల అధ్యక్షత స్వీకరించిన ఇ.బి. హావెల్ ఈ నిచ్చెనను కదిలించాడు. పాశ్చాత్య నమూనాలను తగ్గించి భారతీయ చిత్ర, శిల్పాలను బోధనలోకి తేవాలని ఆయన చేసిన ప్రయత్నాన్ని కొందరు విద్యార్థులే తీవ్రంగా వ్యతిరేకించడం ఈ చరిత్రలో ఆలోచింపజేసే ఘట్టం. పాశ్చాత్య విద్య తమకు ఉపాధినీ గౌరవాన్నీ ఇస్తుందని నమ్మిన వారికి ఆ నమూనాలను తొలగించడం తమ అవకాశాలను తగ్గించడంగా కనిపించింది. ఏ పాఠ్యక్రమమైనా విద్యార్థి భవిష్యత్తుతో చేసే ఒప్పందం అన్న సత్యాన్ని ఆ నిరసన గుర్తుచేస్తుంది. 1905లో అవనీంద్రనాథ్ ఠాగూర్ ఆ పాఠశాలలో ఉపాధ్యక్షుడయ్యాడు. ఆయన దగ్గర చదువుకున్నవాడే నందలాల్.

ఆంధ్ర చిత్రకళా చరిత్రకు కూడా ఈ రెండు దారులతో సంబంధం ఉంది. రాజమహేంద్రవరంలో పుట్టిన దామెర్ల రామారావు (1897–1925) అక్కడి కళాశాల అధ్యక్షుడు ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి పాఠశాలలో చదివి, తిరిగివచ్చి తన ఊరిలో చిత్రకళను బోధించాడు. తొలితరం కళాభవన్ విద్యార్థులలో తెలుగువాడైన వీరభద్రరావు చిత్ర ఉన్నాడు. తరువాతి తరంలో ఓరుగల్లు ప్రాంతానికి చెందిన కొండపల్లి శేషగిరిరావు (1924–2012) హైదరాబాదులో చదువు ముగించుకొని శాంతినికేతన్‌లో నందలాల్ వద్ద అభ్యసించి, తిరిగివచ్చి హైదరాబాదు లలితకళల కళాశాలలో ఎన్నో తరాల విద్యార్థులకు గురువయ్యాడు. కాబట్టి కళాభవన్ విద్యాక్రమం తెలుగు నేలకు దూరపు వార్త కాదు.

కళాభవన్ విద్యాక్రమం: రాయని ప్రణాళిక

1919లో కళాభవన్ ప్రారంభమైంది. అసిత్ కుమార్ హల్దార్ తరువాత దాని బాధ్యత స్వీకరించిన నందలాల్ 1951 వరకు ఆ విద్యాలయానికి నాయకత్వం వహించాడు. అక్కడ గంట కొట్టి తరగతి మార్చే పద్ధతికి ప్రాధాన్యం లేదు. గురువులు తమ పనిని విద్యార్థుల కళ్ళెదుటే చేసేవారు. విద్యార్థి తన పనిని గురువు కంటబడే చోట చేసుకునేవాడు. ఈ బాహ్యరూపాన్ని చూసినవారికి ప్రణాళిక లేదనిపించడం సహజం.

కాని ఆ విద్యార్థి ఒక సంవత్సరంలో చేసే పనుల జాబితా రాస్తే చిత్రం మారుతుంది. మొదటిది ప్రకృతి పరిశీలన. ఎర్రమట్టి కోతలు పడిన ఖోయాయి భూములు, తాటిచెట్లు, గేదెలు, సంతాల్ పల్లెలు అక్కడి నమూనాలు. ప్లాస్టర్ అచ్చు స్థానాన్ని నడిచే మనిషి, వంగే కొమ్మ ఆక్రమించాయి. పోస్టుకార్డు మీద నాలుగు గీతలలో ఒక దృశ్యాన్ని పట్టుకోవడం నందలాల్ జీవితకాలపు అలవాటు. అలాంటి కార్డులను శిష్యులకు పంపడం కూడా ఆయన బోధనలో భాగమే. రెండవది సంప్రదాయ చిత్రాల నకలు. 1921లో నందలాల్, అసిత్ హల్దార్, సురేంద్రనాథ్ కర్ బాఘ్ గుహలకు వెళ్ళి కుడ్యచిత్రాలను నకలుచేసి వచ్చారు. మూడవది చేతిపని: కొయ్య చెక్కడం, తోలుపని, బాతిక్, నేత. నాలుగవది అలంకరణ: ఉత్సవాల నేలమీది ఆల్పన, ఠాగూర్ నాటకాలకు రంగస్థల సజ్జ, వేషధారణ. అయిదవది కుడ్యచిత్రం. ఆరవది చరిత్ర: 1920ల తొలి సంవత్సరాలలో స్టెల్లా క్రామ్రిష్ యూరోపియన్ కళాచరిత్రను ఆధునిక ధోరణుల వరకు అక్కడ ఉపన్యసించింది. ఏడవది యాత్ర. 1940లో కళాభవన్‌లో చేరిన సత్యజిత్ రాయ్ సహవిద్యార్థులతో అజంతా, ఎల్లోరా, సాంచి వంటి స్థలాలు తిరిగివచ్చిన సంగతి ప్రసిద్ధం.

ఈ జాబితాను సౌత్ కెన్సింగ్టన్ నిచ్చెనతో పోల్చినప్పుడు మూడు తేడాలు తేలుతాయి. ఒకటి, ఇక్కడి పాఠాలు ఒకదాని తరువాత ఒకటిగా కాక ఒకేసారి నడుస్తాయి. రెండు, ప్రతి పాఠానికి పరీక్షకుడు కాని చూపరి ఉన్నాడు. ఆల్పనను పండుగకు వచ్చినవారు తొక్కుతూ చూస్తారు. కుడ్యచిత్రం కింద చదువరులు కూర్చుంటారు. మూడు, పనులలో అధికభాగం ఒక్కరి చేతితో పూర్తి అయ్యేవి కావు.

వ్యక్తిగత ప్రతిభకు ఈ క్రమంలో ఎంత చోటుందో బినోద్ బిహారీ ముఖర్జీ ఉదాహరణ చెబుతుంది. 1904లో జన్మించిన ఆయన తొలి విద్యార్థులలో ఒకడు. బాల్యం నుంచి ఆయన చూపు బాగా మందం. ఇంత బలహీనమైన చూపుగల బాలునికి చిత్రవిద్య తగునా అని గురువులకు కలిగిన సందేహం ఠాగూర్ వరకు వెళ్ళింది. ఆసక్తితో పనిచేస్తున్నంతవరకు అతన్ని ఆపవద్దు, అతని దారిని అతనే వెతుక్కోనివ్వండి అన్నదే ఆయన సమాధాన సారాంశం. అర్హతను ముందుగా కొలిచే పాఠశాల ద్వారం దగ్గరే తిప్పి పంపగల విద్యార్థి అతడు. ఆ నిర్ణయం వల్లనే హిందీ భవన్ గోడల మీది మధ్యయుగ సంతుల చిత్రం (1946–47) భారతీయ కళకు దక్కింది.

నివాసమే పాఠం: నల్లటి మట్టి ఇల్లు

కళాభవన్ విద్యార్థి జీవితానికీ విద్యాక్రమానికీ మధ్య గీత గీయడం ఎంత కష్టమో కాలో బాడి స్పష్టంగా చూపుతుంది. 'నల్లిల్లు' అని దాని అర్థం. 1930ల నడుమ కట్టడం ఆరంభమైన ఈ మట్టి భవనం పెద్ద తరగతుల కళాభవన్ విద్యార్థుల వసతిగృహం. వానకు మట్టిగోడ కరగకుండా దానికి తారు పూత పూశారు. ఆ నల్లటి గోడల మీద గురువులు, విద్యార్థులు కలిసి ఉబ్బెత్తు శిల్పాలు తీర్చారు. వాటిలో భార్హుత్ ఫలకాల ఛాయలు, మామల్లపురం రూపాలు, మొహెంజొదారో ముద్రల జంతువులు, ఈజిప్టు, అస్సీరియా శిల్పాల ప్రతిధ్వనులు కనిపిస్తాయి.

ఈ గోడలను అభ్యాసపుస్తకంగా చదవవచ్చు. వలసకాలపు పాఠశాలలోనూ నకలే పాఠం, ఇక్కడా నకలే పాఠం. రెండింటి మధ్య వ్యత్యాసం నకలు ఎక్కడికి చేరుతుంది అన్నదానిలో ఉంది. అక్కడ నకలు దస్త్రంలోకి చేరుతుంది. ఇక్కడ అది విద్యార్థి నిద్రించే గదికి గోడ అవుతుంది. అక్కడ గ్రీకు విగ్రహాన్ని యథాతథంగా దించడం లక్ష్యం. ఇక్కడ రాతిశిల్పాన్ని మట్టిలోకి, తారు నలుపులోకి మార్చాలి. రాతిలో నిలిచే అంచు మట్టిలో నిలవదు. సన్నని వేలు వానకు రాలుతుంది. కాబట్టి నకలు చేసేవాడు ప్రతి రేఖ దగ్గర ఒక నిర్ణయం తీసుకోక తప్పదు. అనువాదకుడు ఎదుర్కొనే సమస్య ఇదే. మూలంలోని ఏ గుణాన్ని వదులుకుంటే తన భాషలో రూపం నిలుస్తుందో తేల్చుకున్నవాడే అనువాదకుడు. ఈ అర్థంలో కాలో బాడి గోడలు ప్రపంచ శిల్పానికి బీర్భూమ్ మట్టిలో వెలసిన అనువాదాలు.

ఇక్కడే కర్తృత్వ సమస్య మొదటిసారి గట్టిగా ఎదురవుతుంది. ఏ ఫలకం ఎవరిది అన్న ప్రశ్నకు గోడ సమాధానం చెప్పదు. చాలా ఫలకాలకు సంతకం లేదు. పైగా మట్టిగోడను తరచు మరమ్మతు చేయాలి. మొదట తీర్చిన చేయి ఒకటి, తరువాతి సంవత్సరాలలో సవరించిన చేతులు ఎన్నో. మనం నేడు చూసే గోడ పలు తరాల విద్యార్థుల పొరలు కలిసిన పాఠం. తాళపత్ర గ్రంథ పరిష్కర్తకు ఈ పరిస్థితి చిరపరిచితం: లేఖకుల చేతులు మారిన ప్రతిలో మూలకర్త మాట ఎంత, లేఖకుని మాట ఎంత అని అతడు ఆలోచించినట్టే ఇక్కడ కళావిమర్శకుడు ఆలోచించాలి.

గోడ, పటం, గ్రంథం: మూడు సామూహిక కృతులు

కుడ్యచిత్రంలో సామూహికత ఆదర్శం కాదు, సాంకేతిక అవసరం. తడిసున్నపు పూత ఆరకముందే రంగు పట్టాలి. ఆరిన తరువాత వేసిన రంగు సున్నంలో కలవదు. ఒకరు పూత సిద్ధం చేస్తుంటే మరొకరు రంగు నూరాలి, ఇంకొకరు గీయాలి. జైపూరు సంప్రదాయంలో పనిచేసే నర్సింగ్‌లాల్ అనే శిల్పి శాంతినికేతన్ వచ్చి ఆ విద్య నేర్పినప్పుడు కళాభవన్ గురువులు స్వయంగా విద్యార్థులయ్యారు. శ్రీనికేతన్‌లోని హలకర్షణ చిత్రం (1930) ఊరి పండుగను గోడకెక్కించింది. హిందీ భవన్ చిత్రానికి బినోద్ బిహారీ పూర్తి పరిమాణపు ముందునమూనా లేకుండానే తడిపూత మీద గీస్తూ పోయాడు. ఆ పనిలో కె.జి. సుబ్రమణ్యన్ వంటి విద్యార్థులు సహాయకులు. ఆ రోజు పూత పట్టించిన శిష్యుడు గురువు నిర్ణయాలు పుట్టే క్షణానికి సాక్షి. అతనికి అదే పాఠం.

రెండవ ఉదాహరణ 1938 నాటి హరిపురా పటాలు. కాంగ్రెస్ మహాసభ ప్రాంగణాన్ని పల్లె ప్రజలు చూసి ఆనందించేలా అలంకరించాలన్న గాంధీ కోరిక మేరకు అవి తయారయ్యాయి. డోలు వాయించేవాడు, వడ్రంగి, ఎద్దును అదుపుచేసేవాడు, వంట చేసే స్త్రీ వంటి శ్రమజీవుల రూపాలు వాటిలో ఉన్నాయి. మొత్తం పటాలు దాదాపు 400. నందలాల్ స్వయంగా గీసినవి 80కి పైచిలుకు. మిగిలినవి ఆయన మూలాలను అనుసరించి శిష్యులు, సహచరులు గీసినవి. వేగంగా సాగే మందపాటి రేఖ, మట్టిరంగులు, విల్లులా వంగిన పైఅంచు చట్రం ఈ పటాల లక్షణాలు. ఇవి నందలాల్ శైలి లక్షణాలుగా ప్రసిద్ధమయ్యాయి. కాని మరో కోణం నుంచి చూస్తే ఇవి పంచుకోదగిన శైలి లక్షణాలు. పలుచేతులు పట్టుకోగలిగేలా రేఖను సరళం చేయడం గురువు చేసిన అసలు సృష్టి. పల్లవి ఒకరు అందుకుంటే బృందం పాడగలిగేలా బాణీ కట్టడం వంటిది ఇది. విశిష్టతను దాచుకునే శైలి ఒకటి, విశిష్టతను పంచే శైలి మరొకటి. హరిపురా పటాలు రెండవ కోవకు చెందినవి.

మూడవది రాజ్యాంగ ప్రతి. ఆంగ్ల ప్రతిని ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా చేతితో రాయగా, 22 భాగాలకు శిరోభాగ చిత్రాలు కళాభవన్ బృందం సమకూర్చింది. సింధు ముద్ర నుంచి స్వాతంత్ర్యోద్యమం వరకు భారత చరిత్ర ఆ చిత్రాలలో క్రమంగా నడుస్తుంది. అశోకుని సింహశీర్షాన్ని గీసిన యువకుడు దీనానాథ్ భార్గవ సింహాల తీరును గమనించడానికి కలకత్తా జంతుప్రదర్శనశాలకు వెళ్ళేవాడని ప్రసిద్ధి. ఎదురుగా శిల్పం ఛాయాచిత్రం ఉండగా సజీవ జంతువు అవసరమేమిటి? కళాభవన్ విద్యాక్రమంలోనే సమాధానం ఉంది. సంప్రదాయపు నకలూ ప్రకృతి పరిశీలనా అక్కడ ఒకేసారి నేర్చే పాఠాలు. రాతి సింహాన్ని సరిగా దించాలంటే ఊపిరి తీసే సింహాన్ని చూడాలన్న నియమం ఏ ప్రణాళికలోనూ రాసిలేదు; అయినా విద్యార్థి దాన్ని పాటించాడు. రాయని ప్రణాళిక ఎంత బలమైనదో ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

తెలుగు కావ్య సంప్రదాయం ఇచ్చే పరిభాష

ఈ కృతులను 'నందలాల్ రచనలు' అనడం అతివ్యాప్తి; 'అజ్ఞాత విద్యార్థుల రచనలు' అనడం అవ్యాప్తి. ఏకకర్తృత్వం, అజ్ఞాతత్వం అనే రెండే గదులున్న పరిభాష ఇక్కడ చాలదు. తెలుగు సాహిత్య చరిత్రలో ఈ రెండింటి నడుమ మరికొన్ని గదులు ఉన్నాయి.

భాస్కర రామాయణం మొదటి ఉదాహరణ. గ్రంథానికి హుళక్కి భాస్కరుని పేరు నిలిచింది. కాని బాల, కిష్కింధ, సుందర కాండలు ఆయన కుమారుడు మల్లికార్జున భట్టు రచన. అయోధ్యాకాండ శిష్యుడైన కుమార రుద్రదేవునిది. యుద్ధకాండలో భాస్కరుడు విడిచిన భాగాన్ని పూరించినవాడు అయ్యలార్యుడు. పరిమాణం లెక్కిస్తే గ్రంథంలో భాస్కరుని వాటా అల్పం. అయినా గ్రంథం ఆయన పేరనే ఉంది. దానివల్ల మిగిలిన ముగ్గురూ అదృశ్యం కాలేదు. ఎవరి భాగం ఎవరిదో గద్యలు సాక్ష్యమిస్తాయి. గ్రంథనామం గురుస్థానాన్ని గౌరవిస్తే, గద్య చేతిని గుర్తుపెట్టుకుంటుంది. ఈ రెండు గౌరవాలకూ వైరుధ్యం లేదని మన పూర్వులు గ్రహించారు.

ఎఱ్ఱన అరణ్యపర్వశేషం రెండవ ఉదాహరణ, మరింత సూక్ష్మమైనది. నన్నయ విడిచిన చోటు నుంచి సుమారు మూడు శతాబ్దాల తరువాత పూరణకు పూనుకున్న ఎఱ్ఱన, అది నన్నయ రచనే అనిపించేలా సాగించాడు. తన కాలపు ప్రభువును కాదని రాజరాజనరేంద్రునికే ఆ భాగాన్ని అంకితం చేశాడు. పర్వాంతంలో మాత్రం పూరించినది తానేనని చెప్పుకున్నాడు. పూర్వకవి శైలిలో ఒదగడం, చివర తన చేతిని వెల్లడించడం – ఈ రెండింటినీ కలిపిన ఈ వైఖరికీ, రాజ్యాంగ పీఠిక అంచున కనిపించే 'రామ్' అన్న సంతకానికీ పోలిక యాదృచ్ఛికం కాదు. రెండింటిలోనూ ఒదుగుదల వ్యక్తిత్వ లోపం కాదు. శైలిని పూర్తిగా వశం చేసుకున్నవాడు మాత్రమే అందులో ఒదగగలడు.

మూడవ గది ముగ్గుది. ప్రతి ఉదయం వాకిట పుట్టి సాయంత్రానికి చెరిగిపోయే ఈ కళకు గద్య లేదు, సంతకం లేదు. కళాభవన్‌లో ఆల్పన నేర్పిన సుకుమారీదేవి, ఆ విద్యను కొనసాగించిన నందలాల్ కుమార్తెలు గౌరీ భంజ, జమునా సేన్ ఈ గదికి చెందిన గురువులు. గృహిణుల విద్యను కళాశాల పాఠంగా అంగీకరించడం ఆ కాలానికి సాహసమే. అయితే చెరిగిపోయే మాధ్యమంలో పనిచేసిన వారి పేర్లు నిలిచే మాధ్యమాలలో పనిచేసిన పురుషుల పేర్లంత ప్రచారం పొందలేదు. సామూహిక కర్తృత్వాన్ని కీర్తించేటప్పుడు సమూహంలో ఎవరు ముందు మరుగునపడతారు అన్న ప్రశ్న విమర్శకుడు విడువరాదు.

ఆక్షేపణలు – సమాధానాలు

ఈ వాదానికి రెండు ఆక్షేపణలు రావచ్చు. మొదటిది: గురువు ప్రణాళికను శిష్యులు అమలుపరచే చోట స్వతంత్ర ప్రతిభ అణగిపోదా? ఈ ప్రమాదం వాస్తవం. నందలాల్ అభిరుచులకు పరిమితులు ఉన్నాయి. తైలవర్ణ చిత్రణకు, నగ్నరూప అధ్యయనానికి ఆ విద్యాక్రమంలో ప్రాముఖ్యం దక్కలేదు. గురువు రేఖను జీవితాంతం అనుకరించి ఆగిపోయిన శిష్యులు ఏ సంప్రదాయంలోనైనా ఉంటారు. కాని ఫలితాలను చూసి తీర్పు చెప్పాలి. 1925లో బాంకురా నుంచి వచ్చిన రామ్‌కింకర్ బైజ్ తైలవర్ణాలను చేపట్టాడు. 1938లో సిమెంటు, ఎర్రకంకర కలిపి 'సంతాల్ కుటుంబం' శిల్పాన్ని ఆరుబయట నిలిపాడు. ఆ శిల్పంలో నందలాల్ రేఖ ఎక్కడా లేదు. బినోద్ బిహారీ గోడలలో రామ్‌కింకర్ ఉద్ధృతి లేదు. ఒకే గురువు వద్ద, ఒకే గోడల మధ్య పెరిగిన ఇద్దరు గురువునూ పోలక, పరస్పరమూ పోలక నిలిచారు. కలిసి చేసిన పనిలో ఒదగడం నేర్చినవారికి ఒంటరి పనిలో వేరుపడడం అసాధ్యం కాలేదు.

రెండవది: పేరులేని శ్రమను 'సామూహికత' అన్న అందమైన మాటతో కప్పిపుచ్చడం కాదా? ఇది మొదటిదానికంటె బలమైన ఆక్షేపణ. సమాధానం భాస్కర రామాయణంలో ఉంది. పేరు గ్రంథానికి ఒకటే ఉండవచ్చు. గద్య మాత్రం తప్పనిసరి. కళాభవన్ సంప్రదాయంలో లోపించింది సామూహికతకు తగిన గద్య. పుట అంచున ఒక శిష్యుడు తనంతట తాను చోటు వెతుక్కొని రెండక్షరాలు రాసుకోవలసివచ్చింది. గద్య రాసే బాధ్యత ఇప్పుడు విమర్శది. హరిపురా పటాలలో మూలం ఏది, అనుసరణ ఏది, ఏ చేయి ఎవరిది అని పరిశోధించడం గురువు కీర్తిని తగ్గించే పని కాదు. గురువు ఏమి నేర్పగలిగాడో కొలిచే పని.

ముగింపు

కళాభవన్ విద్యాక్రమాన్ని స్వేచ్ఛ అన్న ఒక్క మాటతో వివరించడం దాన్ని తక్కువ చేయడమే. అక్కడ చూపు మందగించిన బాలుని కోసం ద్వారం తెరిచి ఉంచారు. కాని తడిపూత ఆరకముందే పని ముగించాలన్న నియమానికి ఎవరికీ మినహాయింపు లేదు. క్రమశిక్షణను పరీక్షకుని చేతి నుంచి తీసి పదార్థానికి, రుతువుకు, చూపరికి అప్పగించిన విద్యాక్రమం అది. 1973 నుంచి డిసెంబరు మొదట్లో, నందలాల్ జన్మదినం ముందు రోజులలో జరుగుతున్న నందన్ మేళాలో విద్యార్థుల పనులు, గురువుల పనులు పక్కపక్కనే అమ్మకానికి పెట్టి, వచ్చిన ధనాన్ని విద్యార్థుల సహాయనిధికి చేర్చడం ఆ భావనకు నేటి రూపం.

నేటి లలితకళల శాఖలలో సెమిస్టరు, మార్కులు, వ్యక్తిగత పనుల సంపుటి తప్పనిసరి అయ్యాయి. వాటిని ఖండించి ప్రయోజనం లేదు. ఉపాధి అడిగే విద్యార్థికి అవి అవసరం. కలకత్తా విద్యార్థుల నిరసన నేర్పిన పాఠం అదే. కాని కలిసి చేసిన పనికి మార్కు వేయడం తెలియని పద్ధతి కలిసి చేయడాన్నే మానిపిస్తుంది. ప్రతి సామూహిక కృతికీ ఆశ్వాసాంత గద్య వంటి ఒక నమోదు – ఊహ ఎవరిది, రేఖ ఎవరిది, పూత ఎవరిది, సవరణ ఎవరిది – చేర్చగలిగితే పరీక్షకూ పరంపరకూ నడుమ వైరం తగ్గుతుంది. ఇందుకు మనం పరాయి నమూనాలు వెతకనవసరం లేదు.

అయిదేళ్ళ చదువు పూర్తిచేయకుండానే 1942లో కళాభవన్ విడిచిన సత్యజిత్ రాయ్, ముప్పై ఏళ్ళ తరువాత తన గురువు బినోద్ బిహారీ మీద 'ది ఇన్నర్ ఐ' అనే లఘుచిత్రం తీశాడు. అప్పటికి ఆ గురువు చూపు పూర్తిగా పోయి పదిహేనేళ్ళు. అయినా వేళ్ళతో తడిమి కాగితాలు కత్తిరిస్తూ, మట్టిని మలుస్తూ, పింగాణీ పలకలతో కళాభవన్ గోడను తీరుస్తూ పనిచేస్తూనే ఉన్నాడు. పట్టా తీసుకోని శిష్యుడు చూపులేని గురువును లోకానికి చూపించాడు. కళాభవన్ ఇచ్చిన విద్యకు, దాని గురుశిష్య సంబంధానికి ఆలస్యంగా రాసిన గద్య అది.